నిండింది, నిండుకుంది, నిండుకుండ: బోర్డు మీద ఏది రాయాలి?

గవర్నర్‌పేట_ఫ్లెక్సీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడలో ఫ్లెక్సీలు, రేకు బోర్డులు రాసే షాపు మాది. గుంటూరు వైపు నుంచి ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు గేటుకి తగిలించడానికని ఈ మాటలు పంపారు:

"మా కోల్డ్ స్టోరేజీ నిండుకుంది. రైతు సోదరులు మిర్చి తీసుకురావద్దని మనవి."

షాపులో ఒకాయన ఇది చూసి, "నిండుకుంది అంటే ఖాళీ అయిందని కదా, చదివినవాళ్లు ఇంకో పది బళ్లు తోలుకొస్తారు" అంటున్నారు. ఇంకొకాయన, "నిండు అన్న మాట అందులోనే ఉంది, తప్పేముంది" అంటున్నారు. ఇద్దరూ తెలుగు బాగా వచ్చినవాళ్లే.

వాళ్లదే ఇంకో బోర్డు ఉంది, లారీలు ఆపుకునే చోటుకి: "పార్కింగ్ స్థలం పూర్తి సామర్థ్యమునకు చేరుకున్నది." తప్పు కనబడటం లేదు కానీ ఎవరూ అలా మాట్లాడరని మాత్రం తెలుస్తోంది.

అడిగేది ఇవీ. నిండుకుంది అంటే నిండిందా, అయిపోయిందా? పేపర్లో "నిండుకుండలా సాగర్" అని వేస్తారు కదా, అదీ "నిండుకుండ తొణకదు" సామెతా ఒకటేనా? ఇక పట్టదు అనే సంగతిని గోడౌనుకి, బస్సుకి, మనిషికి మనవాళ్లు మామూలుగా ఏమని చెప్తారు? కాస్త వివరంగా చెప్పండి. ఒకసారి రేకు మీద రాశాక చెరపటం కుదరదు.


బ్రాడీపేట_పాతపుస్తకం

మీ షాపులో మొదటాయన చెప్పిందే సరైనది అండి. ఆ బోర్డు అలా పెట్టకండి.

నిండు, నిండుకొను రెండూ ఒకే మొక్క కొమ్మలే. ఇవాళ్టి వాడుకలో మాత్రం ఎదురుబొదురుగా నిలబడ్డాయి. డబ్బా నిండింది అంటే అంచు దాకా ఉంది. బియ్యం నిండుకున్నాయి అంటే డబ్బా అడుగు కనబడుతోంది. ఖజానా నిండుకుంది అని పేపర్లో పడితే జీతాలకి డబ్బు లేదని అర్థం. బ్లడ్ బ్యాంకులో నిల్వలు నిండుకున్నాయి అంటే రక్తం లేదని. కాబట్టి "కోల్డ్ స్టోరేజీ నిండుకుంది" అని చదివిన మనిషి, లోపల సరుకంతా ఖాళీ అయిందనుకోవటానికి పూర్తి ఆస్కారం ఉంది.

ఇది ఎందుకిలా తిరగబడిందో తెలిస్తే ఎప్పుడూ పొరపాటు రాదు. ఇంట్లో బియ్యం, ఉప్పు, పసుపు, కుంకుమ, నూనె, దీపం, ఇలాంటివాటి గురించి "లేదు", "అయిపోయింది" అనకూడదని మన ఇళ్లలో పట్టింపు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, లేదంటే లేదనే ఆశీర్వదిస్తారని నమ్మకం. అందుకని కీడు మాటని తిప్పి మేలు మాటతో చెప్పటం అలవాటైంది. దీపం ఆరింది అనరు, కొండెక్కింది అంటారు. మంగళసూత్రం తెగింది అనరు, పెరిగింది అంటారు. గడప దాటేటప్పుడు వెళ్తున్నాను అనరు, వెళ్లొస్తాను అంటారు. పసుపు అయిపోయింది అనరు, నిండుకుంది అంటారు. ఇవన్నీ ఒక గుంపు మాటలు.

దీనికి ఇంకో దారి కూడా ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. తెలుగులో గడువు, లెక్క, వయసు, వీటికి నిండటమంటేనే ముగియటం. ఓటరు దరఖాస్తులో "18 ఏళ్లు నిండినవారు" అంటే ఆ పద్దెనిమిదీ పూర్తయినవారు. నెలలు నిండాయి అంటే ఇక కాన్పే. నీకు నూరేళ్లు నిండాయిరా అంటే అది దీవెన కాదు, బెదిరింపు. కుండ నిండితే లోపల ఉన్నట్టు, కాలం నిండితే ఇక లేనట్టు. ఈ రెండో అర్థం పక్కనే ఉండబట్టి వంటింటి మాట అంత తేలిగ్గా అతుక్కుంది.

పాత పద్యాల భాషలో నిండుకొని అంటే అంతటా వ్యాపించి అనే. మీ షాపులో రెండో ఆయన మనసులో ఆ వాసన ఉండి ఉంటుంది, ఆయన్ని తప్పు పట్టలేం. కానీ గేటు బోర్డు చదివేది ఇవాళ్టి మనిషి.


యార్డు_గుమాస్తా

బోర్డు చదివేది ఎవరో చూసి రాయాలి సార్. రాత్రంతా ట్రాక్టరు మీద కూచుని, తెల్లారి నాలుగింటికి గేటు దగ్గరికి వచ్చిన రైతు టార్చి వేసి చదువుతాడు. పెద్ద అక్షరాల్లో మొదటి మాటలోనే సంగతి తేలిపోవాలి. "రైతు సోదరులకు మనవి" పైన పెట్టి అసలు సంగతి మూడో వరసలో పెడితే అది చదవకుండానే బండి లోపలికి తిప్పుతాడు.

ఇంకో చిక్కు. కోల్డ్ స్టోరేజీలో "నిండింది" అన్న మాటకి రైతు అనుకునే అర్థం వేరు, స్టోరేజీ వాళ్ల అర్థం వేరు. రైతు తలుపు సందులోంచి చూస్తాడు, టిక్కీల (మిర్చి మూటల) వరసకీ గోడకీ మధ్య సందు కనబడుతుంది, పైన కప్పు కింద జాగా కనబడుతుంది. "ఇంత ఖాళీ పెట్టుకుని నిండిందంటారేంది" అని తగాదా. కానీ ఆ ఖాళీ కావాలని వదిలింది. గదిని పది డిగ్రీల లోపు చల్లగా ఉంచుతారు. ఆ చల్లగాలి టిక్కీల చుట్టూ తిరగాలి. గోడకి ఆనించి, కప్పు దాకా పేర్చేస్తే మధ్య వరసలకి గాలి అందదు, అక్కడ వేడీ చెమ్మా నిలిచిపోతాయి. మిర్చి బాగా ఎండి 10, 11 శాతం తేమతో వస్తే ఫరవాలేదు, పచ్చి మీద కట్టిన టిక్కీ ఒకటి ఆ మధ్యలో ఇరుక్కుంటే బూజు పట్టి పక్కవాటికీ పాకుతుంది, రంగు కూడా పోతుంది. రంగు పోయిన కాయకి మిర్చి మార్కెట్ యార్డులో రేటు లేదు. తలుపు మాటిమాటికీ తీసినా అంతే, బయటి వేడిగాలి లోపలి చల్లని కాయ మీద చెమ్మ కడుతుంది. నిండిన గదిలోకి ఒక్క లాటు అదనంగా జొప్పించాలన్నా వరసలు కదపాలి, తలుపు గంటలకొద్దీ తీసి ఉంచాలి.

అందుకని "నిండింది" ఒక్కటే చాలదు. "ఇక పట్టదు" అన్నా రైతు చూపు ఆ సందు మీదే ఉంటుంది. "ఇక దించుకోము" అంటే వాదన ఉండదు. అది చోటు సంగతి కాదు, చెయ్యబోయే పని సంగతి. నేనైతే ఇలా రాయిస్తా:

"గదులు నిండాయి. కొత్త టిక్కీలు దించుకోము."

బస్తాలు అనకండి. గుంటూరు మిర్చికి టిక్కీ అనే మాట. 40 నుంచి 45 కిలోల దాకా ఉంటుంది. బస్తా అంటే ధాన్యం గుర్తొస్తుంది. కింద చిన్న అక్షరాల్లో మళ్లీ ఎప్పుడు దించుకుంటారో తేదీ వేసుకోటానికి ఖాళీ గడి వదలండి, సుద్దముక్కతో రాసుకుంటారు. తేదీ లేని బోర్డు ఎన్ని మంచి మాటలు రాసినా రైతుకి పనికిరాదు.


బ్యారేజీ_గేజి

నిండుకుండ ప్రశ్నకి జవాబు.

పేపర్లో నిండుకుండ వేరు, సామెతలో నిండుకుండ వేరు. పేపర్లోది నీటి లెక్క. జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టానికి వస్తే, లేదా దానికి అడుగో రెండడుగులో తక్కువలో ఉంటే నిండుకుండ అంటారు. నాగార్జునసాగర్‌కి అది 590 అడుగులు, 312 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). శ్రీశైలానికి 885 అడుగులు, 215 టీఎంసీల పైచిలుకు. పులిచింతలకి 175 అడుగులు, 45.77 టీఎంసీలు. ఇక్కడ ఆ మాట చక్కగా అతుకుతుంది, ఎందుకంటే నీళ్లు వచ్చి నిలబడ్డాయి, గేట్లు మూసి ఉన్నాయి, సాగుకి దిగుల్లేదు. ఒక నిండు, ఒక నెమ్మది, రెండూ ఆ మాటలో ఉన్నాయి.

ప్రకాశం బ్యారేజీ దగ్గరికొచ్చేసరికి జాగ్రత్త కావాలి. అక్కడ గేజి 12 అడుగులుంటే నిండినట్టు. ఆ నిండుకి పట్టే నీళ్లు 3.07 టీఎంసీలే. ఇక ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో కొలుస్తారు, క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులు, రెండోది 5.69 లక్షలు. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చింది 11.43 లక్షలు. లెక్క కట్టి చూడండి: ఆ ప్రవాహానికి బ్యారేజీ అడుగు నుంచి అంచు దాకా నిండటానికి ముప్పావుగంట కూడా అక్కర్లేదు. అలాంటప్పుడు 70 గేట్లూ ఎత్తేసి వచ్చింది వచ్చినట్టు వదలటమే. ఆ రోజున "నిండుకుండలా ప్రకాశం బ్యారేజీ" అని రాస్తే మాటకీ మనిషి భయానికీ పొంతన ఉండదు. అప్పుడు మాట వరద పోటెత్తింది, ఉగ్రరూపం దాల్చింది, గట్లు ఒరుసుకుని పారుతోంది. నిండుకుండ నిలకడ మాట, పారే నీటికి పనికిరాదు.

చెరువులకి ఇంకా ముచ్చటైన మాట ఉంది. చెరువు నిండి మిగులు నీరు పోతుంటే అలుగు పారుతోంది అంటాం. తెలంగాణలో మత్తడి దూకుతోంది అంటారు. ఒక్క మాటలో నిండిందనీ, ఇక పట్టదనీ, అయినా కట్టకి భయం లేదనీ మూడు సంగతులూ ఉన్నాయి. కట్ట తెగింది అంటే మాత్రం పట్టనిది పక్కదారి పట్టిందని.

ఇక సామెతలో నిండుకుండ మనిషి. సగం కుండ నెత్తిన పెట్టుకుని నడిస్తే నీళ్లకి ఊగటానికి చోటుంది, అడుగడుక్కీ తపతపలాడుతుంది. నిండా ఉన్నదానికి ఆ ఊపు లేదు. చదువూ గుణమూ ఉన్నవాడు గొప్పలు చెప్పుకోడని చెప్పటానికి వాడతాం. దీన్ని గోడౌనుకో హాస్టలుకో అతికిస్తే అర్థం పోతుంది. "మా హాస్టల్ నిండుకుండ" అంటే సీట్లు లేవని ఎవరికీ తట్టదు. దీనికి జోడీ సామెత అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది అన్నది. అక్కడా లెక్క కాదు, నడవడికే.

అక్షరాలు కూడా ఒకసారి చూసుకోండి. నిండుకుండ, నిండుకుంది. చివర డకీ దికీ తేడా. హడావిడిలో టైపు చేస్తే "నిండుకుండలా జలాశయం" కాస్తా "నిండుకున్న జలాశయం" అవుతుంది, నిండు సాగరం ఎండిపోయినట్టు వార్త తయారవుతుంది.


పటమట_అనువాదం

పాతపుస్తకం గారు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను, ఒకచోట తప్ప. నిండుకొను అంటే ఇవాళ అయిపోవటమే అంటే కుదరదు. కథల్లో "ఆమె కళ్లలో నీళ్లు నిండుకున్నాయి" అని రాస్తారు. అక్కడ కన్నీళ్లు అయిపోయాయని ఎవరూ అనుకోరు. అలాగే ఆ కోల్డ్ స్టోరేజీ వాళ్లు "స్థలం నిండుకుంది" అని రాసి ఉంటే? స్థలం అయిపోయింది అనే కదా అర్థం, అది సరైన సంగతే కదా?


బ్రాడీపేట_పాతపుస్తకం

పట్టుకోవలసిందే పట్టుకున్నారు. కన్నీళ్ల వాక్యం నేను వదిలేశాను, అది నా పొరపాటు.

తేడా ఎక్కడుందంటే, ఆ వస్తువు వాడుకుంటే తరిగేదా, ఊరి వచ్చేదా అన్నదాంట్లో. బియ్యం, నూనె, డబ్బు, మందులు, టీకాలు, ఇవి కూడబెట్టి కొంచెం కొంచెం తీసి వాడేవి. వీటికి నిండుకోవటమంటే అడుగంటటం. కన్నీళ్లు, దుఃఖం, చీకటి ఎవరూ నిల్వ చేసి వాడుకునేవి కావు, వచ్చి కమ్ముకునేవి. వీటికి నిండుకోవటమంటే నిండటం. "డబ్బాలో బియ్యం నిండుకున్నాయి", "కళ్లలో నీళ్లు నిండుకున్నాయి", రెండు వాక్యాల కట్టుబాటూ ఒకటే, అర్థం మార్చేది బియ్యమూ నీళ్లూ. పిల్లలకి చెప్పేటప్పుడు ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెడితే చాలు.

స్థలం నిండుకుంది అన్నది తర్కానికి నిలుస్తుంది. జాగా కూడా వాడుకుంటే తరిగేదే. ఆ మాట వాడేవాళ్లూ ఉండొచ్చు. కానీ చదివే మనిషి ముందు "నిండు" చూసి నిండిందనుకుని, తర్వాత "కుంది" చూసి అయిపోయిందనుకుని, ఆనక స్థలం కదా అని మళ్లీ వెనక్కి తిరగాలి. యార్డు గుమాస్తా గారు చెప్పిన తెల్లారుజాము టార్చి వెలుగులో అంత ఆలోచన ఎవరికి? బోర్డు మీద నిండుకొను అనే క్రియనే వద్దనుకోండి. నిండితే నిండింది, అయిపోతే అయిపోయింది. నిండుకుంది వంటింటి మాట, ఆ మర్యాద అక్కడే అందంగా ఉంటుంది.

అనువాదం చేసేవారు కాబట్టి మీకు ఒక మాట. "నిల్వలు నిండుకున్నాయి" అన్న వాక్యాన్ని ఇంకో భాషలోకి తీసుకెళ్లేటప్పుడు నిల్వలు పుష్కలంగా ఉన్నాయని మార్చేయటం జరుగుతుంది, మనుషులకీ యంత్రాలకీ కూడా. మందుల నిల్వ గురించైతే అది చాలా పెద్ద పొరపాటు. వాక్యంలో నిండుకు అన్న మూడక్షరాలు కనబడగానే ఆగి, వెనక ఉన్నది సరుకా, కన్నీరా చూసుకోండి.


కొలపాత్ర

ఇంతసేపూ నిండు చుట్టూ తిరిగారు కానీ, ఎంత పట్టేదీ చెప్పటానికి తెలుగులో అసలు క్రియ పట్టు. సామర్థ్యం అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాదు. ఈ గిన్నెలో రెండు లీటర్లు పడుతుంది. ఈ టాంకులో వెయ్యి లీటర్లు పడతాయి. ఆటోలో ఎంతమంది పడతారు? ఇక పట్టదు. ఇంతే.

దీన్ని రాతలో పెట్టేటప్పుడు ఒక చిక్కుంది. పడుతుంది అన్న రూపం పట్టుకీ అదే, కింద పడటానికీ అదే. "డబ్బాలో పడుతుంది" అంటే ఇముడుతుందనీ కావచ్చు, జారి లోపల పడుతుందనీ కావచ్చు. వ్యతిరేకంలో మాత్రం విడిపోతాయి: పట్టదు అంటే ఇమడదు, పడదు అంటే జారదు. భూతకాలంలోనూ అంతే, పట్టింది, పడింది. అందుకే బోర్డు మీద వ్యతిరేక రూపం "ఇక పట్టదు" నిక్కచ్చిగా ఉంటుంది. టిక్కీలు బహువచనం కాబట్టి "టిక్కీలు ఇక పట్టవు" అనాలి.

రెండోది, నాకు చాలా ఇష్టమైనది. పాత్ర పేరు చివర ఎడు చేరిస్తే ఆ పాత్రకి పట్టినంత అని అర్థం. గంప, గంపెడు. తట్ట, తట్టెడు. బండి, బండెడు. కడవ, కడివెడు. చెయ్యి కూడా కొలపాత్రే: చిటికెడు ఉప్పు, పిడికెడు అటుకులు, దోసెడు మల్లెలు. కొత్తగా వచ్చిన గిన్నెలకీ ఇది అతుక్కుంది: గ్లాసుడు మజ్జిగ, కప్పుడు రవ్వ, చెంచాడు నెయ్యి, బకెట్టుడు నీళ్లు. ఎంత బలమున్న ప్రత్యయమో చూడండి, గ్లాసు పరాయి మాటైనా దాన్ని తెలుగు కొలత చేసేసింది.

దీంట్లో రెండు సూక్ష్మాలున్నాయి. ఎడు అన్నదాంట్లో ఒకటి అనే లెక్క ముందే ఉంది. గ్లాసుడు నీళ్లంటే ఒక గ్లాసు. రెండైతే "రెండు గ్లాసుల నీళ్లు" అవుతుంది, రెండు గ్లాసుడు అనరు. వంట వీడియోల కింద "రెండు కప్పుడు బియ్యం" అని రాస్తున్నారు, అది చెవికి తగులుతుంది. "కప్పుడు బియ్యానికి రెండు కప్పుల నీళ్లు", ఇదీ పద్ధతి. ఇంకోటి, గ్లాసుడు పాలు వేరు, గ్లాసు నిండా పాలు వేరు. గ్లాసుడు కొలత, ఆ పాలు ఇప్పుడు గిన్నెలో ఉండొచ్చు, పొయ్యి మీద ఉండొచ్చు. గ్లాసు నిండా అంటే పాలు గ్లాసులోనే ఉన్నాయి, అంచు దాకా. "గ్లాసు నిండా పాలు గిన్నెలో పొయ్యండి" అని ఎవరైనా చెప్తే ఒక్క క్షణం తికమక పడేది అందుకే.

కొలతల నుంచి మనసులోకి పాకిన మాటలు చూడండి. పుట్టి అంటే ధాన్యపు కొలత, ఇరవై తూములు. పుట్టెడు దుఃఖం అన్నప్పుడు మనిషి మొయ్యలేనంత అని. గంపెడాశ. బండెడు చాకిరీ. ఇంటెడు చాకిరీ అంటే ఇంటికి పట్టినంత పని. ఆశకి గంప, దుఃఖానికి పుట్టి, చాకిరీకి బండి. వీటిని అటూ ఇటూ మార్చి చూడండి, గంపెడు దుఃఖం అనలేం, పుట్టెడాశ అనలేం. తరతరాల వాడుకలో కుదురుకున్న జోడీలు ఇవి.

నిండుకి ఎదురు మాట ఖాళీ అనుకుంటారు చాలామంది. కాదు, వెలితి. ఖాళీ అంటే అసలేం లేదు, వెలితి అంటే అంచుకి కాస్త తక్కువ. పచ్చడి జాడీ వెలితిగా పట్టండి అంటే పైన నూనె తేలటానికి రెండు వేళ్ల జాగా వదలమని. ఆ మాటే మనసుకీ: ఆయన లేని వెలితి.


సత్యనారాయణపురం_సరళ

మనుషుల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను.

మనిషికి ఎంత మోత పడిందో చెప్పటానికి మనకి ఒంటి మీదే గేజి ఉంది. మోకాలి లోతు, మొలలోతు, పీకల్లోతు, తలమునకలు. 2024లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు వార్తల్లో నీటి మట్టం అడుగుల్లో కంటే ఈ మాటల్లోనే ఎక్కువగా వినబడింది, ఎందుకంటే మొలలోతు అంటే పిల్లని ఎత్తుకోవాలనీ, పీకల్లోతు అంటే పడవ కావాలనీ వెంటనే తెలుస్తుంది. ఇవే మాటలు బతుక్కీ వాడతాం. పీకల్లోతు అప్పులు అంటే ఇంకా ఊపిరి ఆడుతోంది కానీ ఒక్క అల వస్తే అంతే. పనుల్లో తలమునకలుగా ఉన్నాడు అంటే మునిగాడు, మనం పిలిచినా పలకడు. అప్పుకి పీక, పనికి తల. తలమునకల అప్పులు అని ఎక్కడో రాస్తారు గానీ పీకల్లోతుకున్న బిగి దానికి లేదు.

ఇక్కడ తరచుగా జరిగే తప్పు ఒకటుంది. చేతినిండా పని అన్నదాన్ని ఊపిరాడనంత పనికి వాడేస్తున్నారు. చేతినిండా పని మంచి మాట. మగ్గం మీద నేసేవాళ్లకి, మెకానిక్‌కి, టైలర్‌కి చేతినిండా పనుంటే ఇల్లు గడుస్తుందని అర్థం. "నాకు చేతినిండా పనుంది, ఇది చెయ్యలేను" అంటే పెద్దవాళ్లకి వింతగా ఉంటుంది. దానికి మాట ఊపిరాడట్లేదు, తల తిప్పుకోటానికి లేదు, లేదా సూటిగా ఇక నావల్ల కాదు. "నా సామర్థ్యం మించింది" అనక్కర్లేదు, తలకు మించిన పని అన్న మాట మనకి ఎప్పటి నుంచో ఉంది.

తిండికి: పీకల దాకా తిన్నాడు, ముక్కుల దాకా తిన్నాడు. రెండూ కొంచెం కోపంతోనో చనువుతోనో అనేవి. వడ్డించేవారితో అనవలసింది "చాలండి" లేదా "కడుపు నిండింది". పెళ్లిలో వడ్డిస్తున్న పెద్దావిడతో "పీకల దాకా వచ్చిందండి" అంటే ఆవిడ నొచ్చుకోవచ్చు. కడుపు నిండింది అన్నదాంట్లో తృప్తి ఉంది. కడుపు నిండిన బేరం అన్నప్పుడు మాత్రం అర్థం తిరుగుతుంది, అవసరం లేనివాడి బేరమని.

ఓపికకి: తప్పులు లెక్కపెట్టి సహించటానికి శిశుపాలుడి నూరు తప్పులే కొలత. వంద నిండేదాకా కృష్ణుడు ఊరుకున్నాడు, ఆ పైన చక్రమే. పాపం పండింది అన్నదీ ఇలాంటిదే, కాకపోతే కుండ బదులు పండు. నిండటం కాదు, పక్వానికి రావటం, ఇక రాలక తప్పదు. గొడవల్లో పెద్దవాళ్లు తెగేదాకా లాగొద్దు అంటారు చూడండి, అది నిండక ముందు చెప్పే మాట.

జనానికి: ఇసుక వేస్తే రాలనంత జనం. ఇది బయలులో, పైనుంచి చూసినట్టు చెప్పే మాట. దసరాల్లో మూలా నక్షత్రం రోజు అమ్మవారిని సరస్వతిగా అలంకరించినప్పుడు ఇంద్రకీలాద్రి కింద ఆ మాట సరిగ్గా సరిపోతుంది. బస్సుకి అది వాడకూడదు, పైన కప్పుంది. బస్సు కిక్కిరిసింది. బస్టాండు కిటకిటలాడుతోంది. కిక్కిరియటం కదలటానికి లేకపోవటం, కిటకిటలాడటం ఇంకా కదులుతూ ఉండటం. కాలు పెట్టే సందు లేదు అంటే బస్సుకీ గదికీ రెండింటికీ సరిపోతుంది.


గవర్నర్‌పేట_ఫ్లెక్సీ

అందరికీ కృతజ్ఞతలు అండి. ఇక్కడ చెప్పినవన్నీ కలిపి ఇలా మార్చాను, చూడండి.

గేటు బోర్డు:
"గదులు నిండాయి. కొత్త టిక్కీలు దించబడవు. మళ్లీ దించుకునే తేదీ: ______"

లారీల చోటు:
"లారీలకు ఖాళీ లేదు. రోడ్డు మీద ఆపవద్దు."

లిఫ్టుకి కూడా ఒకటి అడిగారు: "ఆరుగురే పడతారు. అంతకు మించి ఎక్కవద్దు."


కొలపాత్ర

దించబడవు తీసేసి దించుకోము అని పెట్టండి. ఎవరు దించుకోరో చెప్పకుండా దాక్కునే మాట అది, రైతుకి పరాయిగా వినిపిస్తుంది. లిఫ్టు దగ్గర "ఆరుగురే పడతారు" అనకండి, నేను చెప్పిన చిక్కు అక్కడే వచ్చి కూచుంటుంది. లిఫ్టులో పడతారు అని చదివితే గుండె గుభేలుమంటుంది. "ఆరుగురికి మించి ఎక్కవద్దు" చాలు.


యార్డు_గుమాస్తా

లారీల బోర్డులో రోడ్డు మీద ఆపవద్దు అని ఊరుకోకండి సార్, మరి ఎక్కడ ఆపాలో బాణం గుర్తుతో చూపించండి. గేటు బోర్డులో "గదులు నిండాయి" ఎర్ర అక్షరాలతో, మిగతా రెండు వరసలకి రెట్టింపు సైజులో ఉండాలి. తేదీ గడి మాత్రం నల్ల రంగు వేసి వదలండి, తెల్ల రేకు మీద సుద్దముక్క కనబడదు.